పిట్టలు వెనక్కి వచ్చే చోట

ఆపరేషన్ థియేటర్‌లో నా ఉద్యోగమంతా ఒక్క మాట. ఆగు.

మెదడులో గడ్డ తీసేటప్పుడు కొందరు రోగుల్ని మధ్యలో నిద్ర లేపుతారు. పుర్రె తెరిచే ఉంటుంది, మనిషి మాత్రం మెలకువగా నాతో మాట్లాడుతుంటాడు. మెదడుకి నొప్పి తెలియదు కాబట్టి ఇది కుదురుతుంది. అవతల సర్జన్ గడ్డను కొద్దికొద్దిగా తీస్తుంటాడు. ఇవతల నేను రోగికి ఎదురుగా కూర్చుని బొమ్మలు చూపిస్తుంటాను. ఇదేమిటి, గొడుగు. ఇదేమిటి, నిచ్చెన. మాట తడబడిందంటే ఆగు అంటాను, చెయ్యి ఆగుతుంది. చెప్పడం ఆలస్యమైతే ఆ మనిషికి మాట పోతుంది. తొందరపడి చెప్పానో, గడ్డ లోపల మిగిలి మళ్ళీ పెరుగుతుంది, అప్పుడూ మాట పోతుంది. ఇన్నేళ్ళుగా చేస్తున్నా, ఆ మాట అనే ముందు నా అరచేతులు చల్లబడతాయి. నాకు ధైర్యం ఎక్కువని మా ఇంట్లో వాళ్ళు అనుకుంటారు. అనుకోనిస్తాను.

సిల్వెస్టర్ గారి దగ్గర మాత్రం ఆ భయం థియేటర్ దాకా ఆగలేదు. మొదటి రోజే పట్టుకుంది.

ఆయన అమెరికా ఆదివాసుల్లో కవియా తెగ మనిషి. దక్షిణ కాలిఫోర్నియాలో పామ్ స్ప్రింగ్స్ చుట్టూ ఉన్న ఎడారీ, దాని వెనక కొండలూ మొదటి నుంచీ వాళ్ళవి. అడవి మంటలు ఆర్పే దళంలో పనిచేసి రిటైరయ్యారు. మనిషి పొడుగు, మాట పొదుపు. శ్రీవల్లి అన్న నా పేరును మొదటిసారే శుభ్రంగా పలికి, "ఇకనుంచి శ్రీ చాలు. నా దగ్గరున్న మాటలు జాగ్రత్తగా వాడుకోవాలి కదా" అన్నారు. నవ్వాలో వద్దో నాకు తెలియలేదు.

గడ్డ ఎడమవైపు, మాట పుట్టే చోటును ఆనుకుని ఉంది. ఆయనకు రెండు భాషలు, ఇంగ్లీషూ కవియా. ఇంగ్లీషు గురించి ఆయనకు దిగులు లేదు. "అది ఎక్కడైనా దొరుకుతుంది" అన్నారు. కవియా ధారాళంగా మాట్లాడేవాళ్ళు ఇప్పుడు కొద్దిమందే. ఆ భాషలో పిట్ట పాటలని ఉన్నాయి, ఎండు సొరబుర్రలో గింజలు పోసి చేసిన గిలక ఆడిస్తూ పాడతారు. పూర్వికులు పిట్టల్లా తిరిగి తిరిగి చివరికి తమ చోటికి చేరిన ప్రయాణం అది. ఒక పాట వెనక ఇంకో పాటగా సాగుతుంది. సిల్వెస్టర్ గారి ఇంటి పాటల వరస మొత్తం తెలిసిన మనిషి ఆయనొక్కరే. మనవడు డేమియన్ నేర్చుకుంటున్నాడు, సగం వచ్చింది. మిగతా సగం ఆ గడ్డ పక్కన ఉంది.

నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. రాని భాషలో మాట చెడిందో లేదో చెప్పాల్సింది నేను. ఇంటికి వెళ్ళే దారిలో ఫ్రీవే మీద కారు నడుపుతూ, ఈ కేసు వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమని అడుగుదామా అని ఆలోచించాను. వేరేవాళ్ళలో మాత్రం ఆ భాష ఎవరికి వచ్చు.

ఆపరేషన్ చేసేది నిశాంత్. మనవాళ్ళ పిల్లాడే, రెడ్‌లాండ్స్‌లో పుట్టి పెరిగాడు. అక్కడ నేను ఆదివారాలు తెలుగు క్లాసు నడిపిన రోజుల్లో వెనక వరసలో కూర్చుని హాయిగా నిద్రపోయిన ఘనుడు. ఇప్పుడు మంచి పేరున్న సర్జన్. ఆసుపత్రిలో అందరి ముందూ నన్ను ఆంటీ అంటాడు, మానమంటే మానడు. రోగి మెలకువగా ఉన్నప్పుడు భయం సంగతులు మేమిద్దరం తెలుగులో మాట్లాడుకుంటాం. స్టాప్ అంటే రోగి బెదిరిపోతాడు. ఆగు అంటే అక్కడ ఎవరికీ అర్థం కాదు. ముందుకు పొమ్మనడానికి పద. అంతవరకూ వాడి తెలుగు సరిపోతుంది.

ఆపరేషన్‌కి ముందు కొన్ని వారాలు రోగితో సాధన చేయించడం నా పద్ధతి. ఆ మనిషి మామూలుగా ఎలా మాట్లాడతాడో నా చెవికి తెలిసి ఉండాలి. సిల్వెస్టర్ గారు గొడుగులూ నిచ్చెనలూ చూసి చూసి విసిగిపోయారు.

"పిట్ట పాటలు పాడతాను. మా భాష నీకు అందులో వినపడుతుంది" అన్నారు.

"మంచిదండి. ఏదైనా ఒక చిన్న పాట చాలు."

"ఏదో ఒకటి పాడను. మొదటి నుంచి పాడతాను. ఎక్కడ బయల్దేరారో చెప్పకుండా ఎక్కడికి పోతున్నారో ఎలా చెప్పను?"

"రికార్డ్ చేసుకోవచ్చా?"

"వద్దు. విను."

పోయినవాళ్ళ కోసం పాడే పాటలు వేరే ఉన్నాయట. వాటి ఊసు ఆసుపత్రిలో ఎత్తవద్దని ముందే చెప్పారు. నేను ఎత్తలేదు.

అలా మొదలైంది. ఆయన కుర్చీలో కూర్చుని గిలక ఆడిస్తూ అందుకునేవారు, పక్కన డేమియన్ గొంతు కలిపేవాడు. డేమియన్‌కి ముప్పై దగ్గర పడుతుంటాయి. దగ్గర్లోని ఇండియో అనే ఊళ్ళో ఏసీలు బాగుచేస్తాడు. చిన్నతనమంతా ఫీనిక్స్‌లో తల్లి దగ్గర గడిచింది, తాత దగ్గరికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. పని నుంచి నేరుగా వచ్చేవాడు, చేతులకి ఇంకా మసి ఉండేది. అర్థం తెలియకపోయినా వినగా వినగా పాటలు నా చెవిలో నిలబడ్డాయి. గొంతు ఎక్కడ లేస్తుందో, గిలక ఎక్కడ ఆగి అందుకుంటుందో పోల్చుకోగలిగాను. సెషన్ టైం అయ్యేసరికి పిట్టలు ఒక పెద్ద కొండ దాకా వచ్చేవి. కొండ దాటేవి కావు. బయట ఇంకో రోగి కూర్చుని ఉండేవాడు.

"ఇంతవరకు చాలు. ఆపరేషన్‌లో పాడించేది ఇంతకంటే ఎక్కువ ఉండదు" అన్నాను.

"ఉన్నా ఏం కాదు. కొండ పాట నాకొచ్చు" అన్నాడు డేమియన్.

తాత అతనివైపు చూశారు. ఆ చూపును నేను పట్టించుకోలేదు.

ఒకరోజు రెండో పాటలో డేమియన్ ఎక్కడో పక్కకి పోయాడు. నాకే తెలిసిపోయింది. సిల్వెస్టర్ గారు ఆపలేదు. మనవడు ఎటు పోతే అటే వెళ్ళి, అతనితో కలిపి పాట ముగించారు. డేమియన్ కాఫీకి బయటికి వెళ్ళాక అడిగాను.

"తప్పు పాడాడు కదండీ. చెప్పలేదేం?"

"మా ఇంట్లో చెప్పం. నాకు పాటలు నేర్పిన మా మామ ఎప్పుడూ చెప్పలేదు. నేను పాడుతూ ఉంటాను. ఒకరోజు వాడే వింటాడు."

"వినకపోతే?"

"వినేదాకా పాడతాను."

నాకు ఒళ్ళు మండింది. మా అమ్మాయి ఇషా తెలుగులో నోరు తెరిస్తే నేను వాక్యం పూర్తికానివ్వను, అక్కడికక్కడే దిద్దుతాను. దిద్దకుండా ఏ భాషైనా ఎలా వస్తుంది. అది ఇప్పుడు నాతో ఇంగ్లీషులోనే మాట్లాడుతోంది, అది వేరే సంగతి.

"మీకు అంత టైం ఉందా?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఆయన కోప్పడలేదు. గిలకను చేతిలో ఒకసారి తిప్పి చూసుకున్నారు.

"నాకు చావంటే భయం లేదు, శ్రీ. నిద్ర లేస్తాను. ఎదురుగా వాడు ఉంటాడు. వాడు అడుగుతాడు. నా దగ్గర ఏమీ ఉండదు. అదీ నా భయం" అన్నారు.

ఆ మాట నాతోపాటు ఇంటికి వచ్చింది. అన్నం తింటున్నా, గిన్నెలు సర్దుతున్నా అదే.

ఆపరేషన్ రోజు పొద్దున డేమియన్ బాత్రూమ్‌లోకి వెళ్ళి వాంతి చేసుకుని వచ్చాడు. మామూలుగా బంధువుల్ని థియేటర్‌లోకి రానివ్వరు. ఆ భాష విని చెప్పగలవాళ్ళు ఇంకెవరూ దొరకలేదు కాబట్టి అతన్ని రానిచ్చారు. గౌనూ మాస్కూ వేసి నా పక్క స్టూలు మీద కూర్చోబెట్టాను.

"పైకి ఏమీ అనకు. ఆయన ముందు ముఖం మార్చకు" అని చెప్పాను. "నా మణికట్టు పట్టుకుని కూర్చో. పాటలో ఏదైనా తేడా వస్తే గట్టిగా నొక్కు. మిగతాది నేను చూసుకుంటాను."

"నేను పొరపాటు పడితే?"

"పడకు" అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో.

సొరబుర్ర గిలకను థియేటర్‌లోకి తీసుకురానివ్వలేదు. ఒక నర్సు ఆలోచించి, శాంపిళ్ళు పట్టే కొత్త ప్లాస్టిక్ డబ్బాలో సిరంజి మూతలు కొన్ని వేసి బిగించి ఇచ్చింది. నిద్ర లేపాక సిల్వెస్టర్ గారి కుడిచేతిలో అది పెట్టాం. ఆయన ఒకసారి ఆడించి చూసి, "మూత్రం డబ్బా" అన్నారు. "మా మామ చూస్తే ఏమనేవాడో." ఆ తర్వాత మొదటి పాట అందుకున్నారు.

పారదర్శకమైన ప్లాస్టిక్ తెర కింద ఆయన ముఖం, నేను, డేమియన్. తెర అవతల నిశాంత్, లైట్లు, మెషీన్ల చప్పుడు. పాటలు వరసగా వచ్చాయి. నా చెవి ప్రతి మలుపు దగ్గరా ముందే వెళ్ళి కాపు కాసింది. డేమియన్ వేళ్ళు నా మణికట్టు మీదే ఉన్నాయి, నొక్కలేదు. మధ్యలో నిశాంత్ గొంతు వినిపించింది.

"ఆంటీ, ఇప్పుడు డేంజర్ ప్లేస్‌కి వచ్చాను. జాగ్రత్తగా విను."

"వింటున్నాను. నువ్వు మెల్లిగా చెయ్యి" అన్నాను.

పాట అయ్యాక సిల్వెస్టర్ గారు నన్ను చూశారు.

"అది మీ భాషా?"

"అవునండి."

"ఇద్దరికీ భయం వేసినప్పుడే మాట్లాడుతున్నారు. అందులో భయం కాక ఇంకేమీ లేదా?"

ఆయన తర్వాతి పాటకు వెళ్ళిపోయారు.

అనుకున్నదానికంటే గడ్డ లోతుగా ఉంది. నాకు తెలిసిన పాటలన్నీ అయిపోయాయి. పిట్టలు కొండ దగ్గరికి వచ్చాయి. అక్కడి నుంచి నా చెవికి దారి తెలియదు, డేమియన్ చెయ్యే దిక్కు. సిల్వెస్టర్ గారు కొండ పాట మొదలుపెట్టారు. కొంతదూరం పోయి, ఆ పాటలో మొదట పాడిన ముక్కనే మళ్ళీ పాడారు.

డేమియన్ నా మణికట్టును నొక్కాడు. ఎముక నొప్పెట్టేంత గట్టిగా.

"ఆగు" అన్నాను.

అవతల చేతులు ఆగాయి. "ఇంకొక్కసారి పాడతారా" అని మామూలు గొంతు తెచ్చుకుని అడిగాను. పాడారు. మళ్ళీ అదే చోట, మళ్ళీ వెనక్కి వచ్చారు. మళ్ళీ వేళ్ళు బిగిశాయి. ఒకే ముక్కకు మళ్ళీ మళ్ళీ వెనక్కి రావడం, ముందుకు పోలేకపోవడం, మెదడుకి దెబ్బ తగిలినప్పుడు మేమంతా ముందుగా చూసే గుర్తు అదే. గొడుగు బొమ్మ చూపించాను, గొడుగు అన్నారు. నిచ్చెన అన్నారు. ఇంగ్లీషు చెక్కుచెదరలేదు. పాట చెడింది. ఆయన దేనికైతే భయపడ్డారో అదే జరుగుతోంది, నా కళ్ళ ముందే, ఆయనకు తెలియకుండానే.

"ఆంటీ, లోపల చాలా ఉంది ఇంకా" అన్నాడు నిశాంత్. వాడి గొంతులోనూ భయమే. "ఇప్పుడు ఆపేస్తే మళ్ళీ వస్తుంది. ఫాస్ట్‌గా వస్తుంది. కానీ నువ్వు చెప్తే క్లోజ్ చేసేస్తాను."

డేమియన్ కళ్ళలో నీళ్ళు మాస్కులోకి కారుతున్నాయి. "వెనక్కి పోతున్నాడు" అని నా చెవిలో గొణిగాడు. "ఆ పాట వెనక్కి పోదు. తిన్నగా కొండ ఎక్కుతుంది."

"ఎందుకు ఆపారు?" అన్నారు సిల్వెస్టర్ గారు.

రోగికి చెప్పకూడదు. మా పనిలో మొదటి నియమం అది. ఆయన నా కళ్ళలోకే చూస్తున్నారు. ఆ ముఖానికి అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

"కొండ పాటలో తప్పు వస్తోందని డేమియన్ అంటున్నాడు."

డబ్బాలో మూతల చప్పుడు ఆగిపోయింది. ఆయన కళ్ళు మనవడి వైపు తిరిగాయి. ముందు తమ భాషలో ఏదో అన్నారు. తర్వాత నాకూ తెలియాలనేమో ఇంగ్లీషులో అన్నారు.

"తప్పు నాది కాదు. నీది."

డేమియన్ నా మణికట్టు వదిలేశాడు.

"పిట్టలు ఆ కొండ ఒక్కసారిగా ఎక్కవు. ఎండకి తాళలేక వెనక్కి వస్తాయి. నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతాయి. ఒక ఏడాది ఉత్సవంలో మాకు స్టేజీ మీద టైం ఇవ్వలేదు, అందుకని ఆ ముక్క కోసేశాను. ఎవరో వీడియో తీశారు. నువ్వు అది చూసి నేర్చుకున్నావు."

"ఇన్నాళ్ళూ నాతో కలిసి అలాగే పాడావు కదా, తాతా."

"నీకు వినపడుతుందని చూశాను. చెప్పడం మా పద్ధతి కాదు" అన్నారు. "ఇప్పుడు చెప్తున్నాను."

నేను గుండె దిటవు చేసుకోవాల్సిన చోటు అది. ఆయన మాట నమ్మాలని ఎంతగానో ఉంది. కానీ మాట చెడినవాళ్ళకు తమ మాట చెడిందని తెలియదు. చెడిన మాటనే ఎంతో నమ్మకంగా, కారణాలతో సహా చెబుతారు. అలాంటివాళ్ళను ఎంతమందిని చూశానో. ఒకవైపు పుర్రె తెరిచి ఉన్న ముసలాయన, ఇంకోవైపు సగం పాట వచ్చిన మనవడు, మధ్యలో ఏమీ రాని నేను. నిశాంత్ ఎదురుచూస్తున్నాడు.

"డేమియన్, నీకు వచ్చినట్టు నువ్వు పాడు" అన్నాను. "సర్, మీరు పాడకండి. గిలక మాత్రం వెయ్యండి. వాడు ఎక్కడ తప్పితే అక్కడ ఆపండి."

డేమియన్ పాడాడు. గొంతు గీరుకుపోతోంది. డబ్బా గిలక తాళం వేస్తూ పోయింది. పిట్టలు వెనక్కి రావాల్సిన చోట డేమియన్ తిన్నగా పోయాడు. గిలక ఆగింది.

"ఇంకోసారి" అన్నాను.

మళ్ళీ అక్కడే ఆగింది. ఒక తాళం ముందు కాదు, వెనక కాదు. తప్పు ఎక్కడుందో ఇంత కచ్చితంగా పట్టుకునే మనిషికి పాట చెడలేదు. నాకు తెలిసినంతవరకూ చెడలేదు. నాకు తెలిసింది ఎంత?

"పద" అన్నాను.

"ష్యూరా, ఆంటీ?"

"పద."

సిల్వెస్టర్ గారు కొండ పాట మళ్ళీ ఎత్తుకున్నారు. ఈసారి డేమియన్ తాత ముఖంలోకే చూస్తూ, చిన్న గొంతుతో వెనకే వెళ్ళాడు. కొంతసేపటికి నిశాంత్, "అయిపోయింది, అంతా వచ్చేసింది" అన్నాడు. పిట్టలు ఇంకా కొండ మీదే ఉన్నాయి. ఆయన్ని మళ్ళీ నిద్రపుచ్చారు.

ఆయన నిద్ర లేచారు. ఎదురుగా డేమియన్ ఉన్నాడు. వాడు అడిగాడు. ఆయన దగ్గర ఏమీ లేదు.

ఇంగ్లీషు లేదు, కవియా లేదు. పేరు చెప్పమంటే నోరు తెరిచి మూశారు. గొడుగు బొమ్మను, అదేదో కొత్త వస్తువైనట్టు చూశారు. లోపల వాపు ఉందని, ఇలా జరుగుతుందని, చాలామందికి మాట తిరిగి వస్తుందని నిశాంత్ చెప్పాడు. అందరికీ వస్తుందని మాత్రం అనలేదు. నేను అడగలేదు.

ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. పద అన్నది నేను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. డేమియన్ నాకు కాఫీ కూడా తెచ్చి ఇచ్చేవాడు. ఒక సాయంత్రం ఇంట్లో బియ్యం కడుగుతూ కడుగుతూ ఏడ్చేశాను. ఇషా వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మా, ఎవరు కొట్టాడు నిన్ను?" అంది, వచ్చీరాని తెలుగులో.

ఎవరూ కొట్టలేదన్నాను. కొట్టాడు అన్న మాటను దిద్దలేదు. అది నా చేతిలోంచి గిన్నె తీసుకుని, "నువ్వు కూర్చో. నేను చేస్తుంది" అంది. అదీ దిద్దలేదు. కూర్చున్నాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి డేమియన్ సొరబుర్ర గిలకను తాత చేతిలో పెడుతున్నాడు. ఆయన వేళ్ళు దాని పిడి చుట్టూ వాటంతటవే ముడుచుకున్నాయి. చేతికి గుర్తుండటం వేరు, మనిషికి గుర్తుండటం వేరు. నా చదువు ఆ సంగతి నాకు గుర్తుచేస్తూనే ఉంది. డేమియన్ మొదటి పాట అందుకున్నాడు. గిలక మెల్లిగా కదిలింది. ఆయన కళ్ళు కిటికీ వైపే ఉన్నాయి.

పాట వెనక పాట, డేమియన్ ఒక్కడే పాడుకుంటూ పోయాడు. తప్పులేమీ రాలేదు. రెండో పాటలో అప్పుడు పక్కకి పోయిన చోట కూడా తిన్నగానే పాడాడు. గిలక ఆగలేదు. ఆగాల్సిన పని రాలేదు. అందువల్ల లోపల మనిషి వింటున్నాడో, ఉత్త చెయ్యే ఆడుతోందో నాకు తెలిసే దారి లేదు. కొండ పాట వచ్చింది. డేమియన్ ఒకసారి నావైపు చూశాడు. ఏం చేయబోతున్నాడో నాకు అర్థమైంది. వద్దని చెయ్యెత్తబోయాను. జవాబు తెలియకుండా ఉండటమే నయమనిపించింది నాకు, అంత పిరికిదాన్ని.

పిట్టలు వెనక్కి రావాల్సిన చోటికి వచ్చి, డేమియన్ కావాలనే తిన్నగా కొండ ఎక్కాడు.

గిలక ఇంకో తాళం వేసింది. నా ప్రాణం పోయింది.

ఆగింది.

సిల్వెస్టర్ గారి తల కిటికీ వైపు నుంచి మెల్లిగా ఇటు తిరిగింది. కనుబొమలు ముడిపడ్డాయి. పెదవులు ఏదో పట్టుకోవడానికి తంటాలు పడ్డాయి, జారవిడుచుకున్నాయి, మళ్ళీ ప్రయత్నించాయి. బొంగురుగా ఒక మాట వచ్చింది. కవియా మాట.

డేమియన్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"ఏమన్నారు?" అని అడిగాను.

"తప్పు అన్నాడు" అన్నాడు డేమియన్. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు. "తప్పు పాడావు అంటున్నాడు."

తప్పని అనిపించుకుని అంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు. గుమ్మంలో ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో, నిశాంత్ "ఆంటీ, మాట వచ్చింది" అన్నాడు తెలుగులో. "వచ్చిందిరా నాన్నా" అన్నాను. సిల్వెస్టర్ గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఈసారి మా తెలుగులో భయం లేదని ఆయనకు తెలిసిందో లేదో, చెప్పడానికి ఆయన దగ్గర ఇంకా అన్ని మాటలు లేవు. గిలక ఎత్తి మనవడి వైపు ఒకసారి విదిలించారు, మళ్ళీ పాడమన్నట్టు.

డేమియన్ కొండ పాట మళ్ళీ మొదలుపెట్టాడు. ఎండ పెరిగిన చోట పిట్టల్ని వెనక్కి తీసుకొచ్చాడు, నీళ్ళు తాగించాడు, మళ్ళీ బయల్దేరదీశాడు. గిలక ఎక్కడా ఆగలేదు. బయట ఇంకో రోగి నా కోసం కూర్చుని ఉన్నాడు. టైం అయిపోయిందని నేను చెప్పలేదు. ఆ రోజు పిట్టలు కొండ దాటాయి.